ముందు చక్రంలో గడ్డి

ఏప్రిల్ 5, 1992

తెలుగులోనే రాస్తాను. డాడీకి తెలుగు మాట్లాడ్డమే వచ్చు, చదవడం రాదు. తాతగారి టైం నుంచీ ఇక్కడే బిలాస్‌పూర్లో, రైల్వే స్కూల్లో, హిందీ మీడియం. నాకేమో అంతా ఇంగ్లీష్. ఈ అక్షరాలు అమ్మ నేర్పింది, ఎండాకాలం సెలవుల్లో, పళ్ళెంలో బియ్యం పోసి వేలితో రాయించేది. నా రైటింగ్ చూస్తే ఒకటో క్లాసు పిల్ల రాసిందనుకుంటారు. అచ్ఛా హై. ఎవరు చూస్తారు.

అమ్మ మళ్ళీ బాత్రూంలో జారి పడిపోయింది. ఈసారి ఎడం చెయ్యి.

ఏప్రిల్ 6

నిన్న కుళాయి రాలేదు. బాత్రూం పొడిగా ఉంది.

ఏప్రిల్ 9

డాడీ గార్డు డ్యూటీ మీద గూడ్స్ బండిలో షహడోల్ వెళ్ళేడు. రేపటి దాకా రాడు. అమ్మ రేడియో పెట్టింది.

పెరటి గుమ్మంలో కూర్చుని నా తలకి నూనె రాసింది, ఒక్క చేత్తోనే. వెనకనుంచి అడిగింది. నా మొహం కనిపించదు కాబట్టి అడగ్గలిగిందేమో.

"తనూ, నీ బండి తఖత్‌పూర్ దాకా ఎళ్ళగలదా?"

"అంత దూరమా? ఎందుకు?"

"ఎళ్ళగలదా లేదా, అది చెప్పు."

"ఎళ్తది గానీ... దార్లో పంచరైతే ఏటి చేస్తాం? మోపెడ్‌కి స్టెప్నీ ఉండదమ్మా, డాడీ స్కూటర్‌కి ఉన్నట్టు."

"లేకపోతే ఏటి చెయ్యాలో నేర్చుకో."

అంతే. జడ గట్టిగా లాగి రిబ్బన్ కట్టేసింది.

ఎందుకో నాకు తెలుసు. పోయినేడు అమ్మ ఒక్కర్తీ రైలెక్కింది, కట్నీ వైపు, జబల్‌పూర్లో పెద్దమ్మ దగ్గరకి. ఉస్లాపూర్ కూడా దాటలేదు. అంటే మా ఊరు దాటలేదన్నట్టే. టీటీ అంకుల్ పాస్ మీద పేరు చూసేడు. "అరే, పైడిరాజు భాభీ! ఒక్కరే వెళ్తన్నారా? రాజుకి చెప్పేరా?" అన్నాడట, పాపం మంచిగానే. ఫోన్ వెళ్ళింది. ఉస్లాపూర్లో దింపి, స్టేషన్ మాస్టర్ రూంలో కుర్చీ వేసి, టీ ఇచ్చి, డాడీ వచ్చేదాకా కూర్చోబెట్టేరు. అందరూ దండాలు పెట్టేరు. ఆ రాత్రి అమ్మ బాత్రూంలో జారి పడిపోయింది.

రైలంటే డాడీ మనుషులే. బస్టాండ్ ఎదురుగా గోవిందరావు బాబాయి పాన్ కొట్టు. ఇంక మిగిలింది రోడ్డు. మేమెప్పుడూ రోడ్డు మీద ఊరెళ్ళలేదు. పాసుండగా ఎవరెళ్తారు?

జబల్‌పూర్ బస్సు తఖత్‌పూర్లో ఆగుతాది. టాపు మీద మోపెడ్ ఎక్కిస్తారు. అక్కడ పెద్దనాన్నది తుపాకుల ఫ్యాక్టరీ క్వార్టర్, గేటు దగ్గర మిలిటరీ వాళ్ళుంటారు. డాడీ పాస్ అక్కడ చెల్లదు.

ఏప్రిల్ 12

పంచర్ వెయ్యడం నేర్చుకోవాలంటే ముందు పంచర్ ఉండాలి కదా. గుండుసూదితో నేనే పొడిచేను. ముందు చక్రానికి. వెనక చక్రానికి చైనుంది, గ్రీజు అంటుకుంటే డాడీకి తెలుస్తాది.

టైరు లేపడానికి వంటింట్లోంచి రెండు స్టీలు చెంచాలు. అవి వంగిపోయేయి. ట్యూబ్ బైటికి తీసి, బకెట్లో ముంచి, బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తున్నాను, గోడ మీంచి పక్క క్వార్టర్ మంగాయమ్మ ఆంటీ తల.

"ఏటే తనూజా, బండికి తలంటు పోస్తన్నావా?"

"ఊరికే ఆంటీ. టైంపాస్."

"కాన్వెంట్లో ఇదే నేర్పుతన్నారా? బాగుంది. రేపు పెళ్ళిచూపులకొస్తే పాటొద్దు, పంచరెయ్యమందాం." నవ్వింది. తర్వాత మెల్లగా, "మీ అమ్మేదే? రెండ్రోజులై కనిపించదు."

"జారి పడిపోయింది ఆంటీ."

"ఆ బాత్రూంలో నాచుంటది. గీయించమను మీ డాడీని."

చెప్పింది గానీ నాకేసి చూళ్ళేదు. మా రెండు క్వార్టర్లకీ మధ్య గోడ ఒక్కటే. వాళ్ళింట్లో మిక్సీ తిరిగితే మా గ్లాసులు కదుల్తాయి. మా ఇంట్లోది కూడా వాళ్ళకి వినిపిస్తాది.

ఏప్రిల్ 13

ప్యాచ్ ఊడిపోయింది. మళ్ళీ పొడిచేను, మళ్ళీ అతికేను. మళ్ళీ ఊడిపోయింది.

ఏప్రిల్ 19, ఆదివారం

డాడీ పట్టుకున్నాడు.

రెస్ట్‌లో ఉన్నాడు, పడుకున్నాడనుకున్నాను. తల ఎత్తేసరికి లుంగీలో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా చేతిలో వంగిన చెంచా.

"ఏటి చేస్తన్నావే?"

"పంచర్ డాడీ. స్కూల్ దారిలో అయితే... దుకాణం దూరం కదా అని."

చెంచా తీసుకుని చూసేడు. నవ్వేడు. పళ్ళన్నీ కనిపించేలాగ నవ్వేడు. "అరే బాప్ రే! పైడిరాజు కూతురు చెంచాతో టైరు తింటందిరో!" అని గట్టిగా అరిచేడు, కాలనీ అంతా వినాలని. లోపలికెళ్ళి స్కూటర్ డిక్కీలోంచి రెండు లీవర్లు తెచ్చేడు. షెడ్‌లో ఎవరో చేసిచ్చేరట, అంచులు గుండ్రంగా, ఎంతో నున్నగా ఉన్నాయి. "ఉంచుకో. నీవే."

తర్వాత నేల మీద నా పక్కన కూర్చున్నాడు. పొద్దంతా.

టైరు లోపల ముందు వేలు పెట్టి చూడాలట. ముల్లు అక్కడే ఉండిపోతే ఎన్ని ప్యాచ్‌లేసినా మళ్ళీ పోద్ది. నా వేలు పట్టుకుని మెల్లగా తిప్పించేడు, గుచ్చుకోకుండా. సాండ్ పేపర్‌తో గీరాలి. సొల్యూషన్ రాసేక ఊదకూడదు, వెంటనే అతికించకూడదు, ఆరేదాకా ఆగాలి. "తొందరపడితే ఊడిపోద్ది. ఆగాల. పనికి తొందర పనికిరాదు" అన్నాడు. ఇద్దరం ఆగేం. సొల్యూషన్ ఆరేదాకా డాడీ ఎంత నెమ్మదిగా కూర్చున్నాడో. టీ లేటయితే అంత ఆగడు.

ట్యూబ్ తిరిగి పెట్టేముందు కొంచెం గాలి కొట్టాలి, లేకపోతే లీవర్ కింద నలుగుతాది. వాల్వ్ తిన్నగా నిలబడాలి. "ఇది మెడ. ఇది వంకరగా పెట్టి గాలి కొట్టేవనుకో, తెగిపోద్ది. మెడ తెగితే ప్యాచ్ లేదు. ట్యూబ్ మార్చాల్సిందే."

"ఇంకో ట్యూబ్ లేకపోతే?"

"అప్పుడు గడ్డే గతి." కుర్రతనంలో సైకిల్ మీద రతన్‌పూర్ వెళ్ళేడట, ట్యూబ్ పగిలిపోతే టైరు నిండా వరిగడ్డి కుక్కి, మెల్లగా తొక్కుకుంటూ ఇంటికొచ్చేడట. "పచ్చి గడ్డి పనికిరాదు. ఎండుది, గట్టిగా, వేలు దిగకుండా కుక్కాల. ఊళ్ళో అయితే దుకాణానికి తోసుకుపో. గడ్డి దూరం వెళ్ళినోడికి."

అమ్మ రెండుసార్లు టీ తెచ్చింది. మా ఇద్దరినీ చూసింది.

ఏప్రిల్ 20

డాడీ మంచోడు. రాసి పెడుతున్నాను, తర్వాత మర్చిపోకుండా.

ఏప్రిల్ 24

"అయిందా?" అంది అమ్మ. చారు పోపు పెడుతూ, నాకేసి చూడకుండా.

"ఇంకా లేదమ్మా. సొల్యూషన్ పాతది. కొత్తది తేవాలి."

ఏప్రిల్ 26

డాడీ డ్యూటీకెళ్ళేడు. అమ్మ చీరలు సంచీలో పెట్టింది. నేను రెండు రోజులు ఆగమన్నాను, పంప్ వాషర్ లీకవుతోంది. నిజంగానే లీకవుతోంది. అమ్మ చీరలు మళ్ళీ బీరువాలో పెట్టేసింది, మడతలు పోకుండా.

ఏప్రిల్ 28

అమ్మ జారి పడిపోయింది.

ఏప్రిల్ 29

బుధవారీ బజార్లో టైర్ల కొట్టుకెళ్ళేను. ముందు చక్రానికి ట్యూబ్ కావాలన్నాను. కొట్టాయన నా బండి చూసి, "తూ రాజు భాయ్ కీ బిటియా హై నా?" అన్నాడు, రాజు భాయ్ కూతురివి కదా అని. స్టాక్ లేదట, వస్తే రాజు భాయ్ చేతికే ఇచ్చి పంపుతాడట. వద్దంకుల్, వద్దంకుల్ అంటూ వచ్చేసేను. ఇంకో కొట్టు అడగలేదు. ఎక్కడ అడిగినా ఇదే అంటారు.

సరే. ఇంకో ట్యూబ్ లేకుండానే. ఉన్నదాన్నే బాగా చూసుకోవాలి. ప్రాక్టీస్ కూడా పెంచాలి. కళ్ళు మూసుకుని కూడా వెయ్యగలగాలి. ట్యూబ్ మీద ప్యాచ్‌లు ఎక్కువైపోయేయి, ముట్టుకుంటే గరుగ్గా ఉంది.

మే 2

"నీకు భయం పంచరంటేనా, మీ డాడీ అంటేనా?"

"పంచరంటే."

అమ్మ కొంగుతో నా చేతుల మీది నల్లటిది తుడిచింది. పోలేదు.

మే 3

నాకు డాడీ అంటే భయం లేదు. నన్నెప్పుడూ ఏమీ అన్లేదు. ఈ బండి కూడా టెన్త్ పాసయ్యేనని డాడీయే కొన్నాడు. షెడ్‌లో అందరికీ చెప్పేడట, నా కూతురు పంచరేస్తాదిరా, మీ కొడుకులు వెయ్యగలరా అని. నిన్న నూకరాజు అంకుల్ దార్లో ఆపి, "మా స్కూటర్ కూడా చూడమ్మా మెకానిక్ మేడం" అన్నాడు. నవ్వేను. నాకు బాగానే అనిపించింది.

టైరు చూసుకోవాలి, పంపు చూసుకోవాలి, రోడ్డు ఎలాగుందో కనుక్కోవాలి. అందుకే లేటు. ఇంకేం లేదు.

మే 8

కుక్కర్ విజిల్ వేసింది. మళ్ళీ వేసింది. అమ్మ స్టవ్ పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతోంది. తల తిప్పలేదు. నేనొచ్చి కట్టేసేను.

"అమ్మా, విజిల్ వినిపించలేదా?"

"ఏటి?"

ఎడం వైపుకి వెళ్ళి మళ్ళీ అడిగేను. అప్పుడు వినిపించింది.

"నిన్నట్నుంచి ఈ చెవిలో హోరు" అంది. "రైలు పోతన్నట్టు."

నిన్న నేను ట్యూషన్లో ఉన్నాను. వచ్చేసరికి డాడీ సంతోషంగా మామిడిపళ్ళు కోస్తున్నాడు.

రేపు వెళ్దామన్నాను. రేపు డాడీ ఇంట్లోనే అంది అమ్మ. డ్యూటీ రాగానే అన్నాను.

మే 11

సాయంత్రం కాల్‌మాన్ వచ్చి డ్యూటీ చెప్పి, సంతకం తీసుకుని వెళ్ళేడు. డాడీ టిఫిన్ బాక్స్, వాటర్ బాటిల్, జెండాలు పెట్టెలో సర్దుకుని వెళ్ళేడు. అమ్మ గుమ్మం దాకా వెళ్ళింది, రోజూలాగే.

లీవర్లు, పంప్, సొల్యూషన్, ప్యాచ్‌లు, సాండ్ పేపర్, స్పానర్, బాటిల్లో నీళ్ళు. అన్నీ స్కూల్ బ్యాగులో ఉన్నాయి.

మే 12

వచ్చేసేను. ఇంట్లో నేనొక్కర్తినే.

తెల్లారకుండానే బయల్దేరేం. అమ్మ తల నిండా ముసుగేసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, మంచి చెయ్యి నా నడుం చుట్టూ. ఉస్లాపూర్ స్టేషన్ పక్కనుంచే రోడ్డు. ప్లాట్‌ఫాం మీద బెంచీ, ఎర్ర డబ్బాలు కనిపించేయి. అమ్మ నా చెవిలో అంది, "దాటేం తనూ." కొంచెం దూరం పోయేక మళ్ళీ అంది, "దాటేం." పెళ్ళికెళ్తున్న మనిషిలాగ ఉంది గొంతు. అంత సంతోషంగా అమ్మ గొంతు నేనెప్పుడూ వినలేదు.

సక్రీ దాటేక ముందు చక్రం పోయింది.

నేను భయపడలేదు. అమ్మని చెట్టు నీడలో కూర్చోబెట్టి, లీవర్లు తీసేను. తుమ్మ ముల్లు. వేలు పెట్టి వెతికి తీసేను, డాడీ చూపించినట్టే. గీరేను, సొల్యూషన్ రాసేను, ఆగేను. అమ్మ "బస్సు టైమవుతంది తనూ" అంది. ఆగేను. ప్యాచ్ బ్రహ్మాండంగా అతుక్కుంది. నేనేసిన వాటిల్లో ఇదే మంచిది.

అప్పుడు దూరంగా ఒక హారన్ వినిపించింది. లారీదే, బస్సుది కాదు. కానీ అమ్మ లేచి నిలబడిపోయింది. నేను గబగబా ట్యూబ్ తోసేసి, టైరెక్కించేసి, పంప్ పెట్టి కొట్టేసేను. వాల్వ్ వంకరగా ఉంది. చూసేను. చూస్తూనే కొట్టేను.

బుస్సుమంది.

మెడ. అన్నిసార్లు తీసి, అన్నిసార్లు పెట్టి, అక్కడ రబ్బరు పలచబడిపోయినట్టుంది. మెడ తెగితే ప్యాచ్ లేదు.

అమ్మ ఏడవలేదు. "నడిచెళ్దాం" అంది, సంచీ భుజాన వేసుకుంది. ఆ ఎండలో, ఆ చేత్తో.

రోడ్డు పక్క ఇంటి దగ్గర వరిగడ్డి కుప్ప ఉంది. ఒక ముసలావిడ ఆవుకి వేస్తోంది. చేతులతో సైగ చేసి అడిగేను. "లే జా నోనీ, పైరా కే కా కమీ" అంది, ఇంత మోపు ఇచ్చింది, తీసుకుపో పిల్లా, గడ్డికేం తక్కువ అని. నేనూ అమ్మా కూర్చుని కుక్కేం. ఎండుది, గట్టిగా, వేలు దిగకుండా. అమ్మ ఒక్క చేత్తో భలే కుక్కింది. "ఇది కూడా ఆయనే నేర్పేడా?" అంది. అవునన్నాను. ఇద్దరం నవ్వేం. ఎందుకు నవ్వేమో తెలీదు.

మెల్లగా, బండి గుర్రంలాగ ఎగురుతుంటే, తఖత్‌పూర్ చేరేం. బస్సు కదలడానికి రెడీగా ఉంది. టాపు మీద పెళ్ళి సామాను. మంచాలు, కూలర్, ట్రంకులు, రెండు బ్యాండ్ డప్పులు. కండక్టర్ మోపెడ్ చూసి, ఎక్కదు, చోటు లేదని చెయ్యూపేడు. "నహీ చఢేగీ. జగహ్ కహాఁ హై?"

"వద్దు. రేపెళ్దాం" అంది అమ్మ. "ఇంటికి పోదాం పద."

ఇంటికి పోదాం అంటే ఏటో ఇద్దరికీ తెలుసు. మేమిలా వచ్చినట్టు ఎవరో ఒకరు ఈపాటికి చూసే ఉంటారు. బండి ఇక్కడ వదిలేస్తే నంబర్ చూసి ఎవరైనా చెప్తారు, ఏ బస్సెక్కేమో తెలిసిపోద్ది, డాడీ ట్రక్కు వాళ్ళకి చెప్పయినా దార్లో ఆపించేస్తాడు. ఇంట్లో ఒకరుంటే, దీపం వెలుగుతుంటే, అన్నం వండిన వాసనొస్తే, మంగాయమ్మ ఆంటీకి అనుమానం రాదు. ఈలోగా అమ్మ పెద్దనాన్న గేటు దాకా చేరిపోద్ది.

"నువ్వెళ్ళు. నేను ట్యూబ్ వేయించుకుని రేపటి బస్సుకొస్తాను."

అమ్మ మంచి చెవి నా వైపు తిప్పింది. "ఏటి?"

"రేపటి బస్సుకి."

"రేపు?"

"రేపు."

కండక్టర్ తలుపు మీద కొట్టేడు. నేను అమ్మ వీపు మీద చెయ్యి పెట్టి తోసేను. నిజంగానే తోసేను. కిటికీలోంచి ఏదో చెప్తానన్నట్టు నోరు తెరిచి, చివరికి, "పాలు కాచి పెట్టుకో, విరిగిపోతాయి" అంది.

ఉస్లాపూర్ దాకా గడ్డి మీదే వచ్చేను. అక్కడ టైరు లేపి గడ్డంతా పీకి గట్టు కింద పారేసి, ఇంటి దాకా తోసుకొచ్చేను. మంగాయమ్మ ఆంటీ గుమ్మంలోనే ఉంది. "పొద్దున్నే ఎక్కడికే? అమ్మేది?"

"నీరసంగా ఉందంట, పడుకుంది ఆంటీ."

ఆంటీ నా బట్టల మీది ధూళి చూసింది, ఫ్లాటైన చక్రం చూసింది. "సరే. పడుకోనీ. నేనెవర్నీ రానివ్వను" అని, గుమ్మంలోనే కూర్చుంది.

ముగ్గురికి సరిపడా అన్నం వండేను. పాలు కాచేను.

మే 13

డాడీ పొద్దున్న వచ్చేడు. అమ్మ రతన్‌పూర్ గుడికెళ్ళింది, ఎవరో ఆడవాళ్ళతో, అన్నాను. సరే అని తిని పడుకున్నాడు. పడుకుంటే ఎంత అలిసిపోయినట్టు కనిపిస్తాడో.

లేచేక బండి చూసేడు. "పంచరయిందేటే? ఉండు, నీకోటి తెచ్చేను." పెట్టెలోంచి కొత్త ట్యూబ్ తీసేడు. బుధవారీ కొట్టాయన ఇచ్చేడట. "అడిగేవట కదా. నాకు చెప్పొచ్చు కదే పిచ్చిదానా."

నేనేస్తాను డాడీ అన్నాను. ఉండు అన్నాడు. నేలమీద కూర్చున్నాడు. నన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకున్నాడు. లీవర్ పెట్టి టైరు లేపి, ముల్లుందేమోనని వేలు పెట్టి చుట్టూ తిప్పేడు.

వేలికి గడ్డి తగిలింది.

తీసి అరచేతిలో పోసుకున్నాడు. పొడి పొడిగా ఉంది, పసుప్పచ్చగా. వాసన చూసేడు. మొదట నవ్వేడు, "నేను చెప్పింది గుర్తుందే నీకు!" తర్వాత నవ్వు ఆగిపోయింది. మళ్ళీ పొడి నలిపి చూసేడు.

"ఊళ్ళో అయితే తోసుకొస్తావు" అన్నాడు. "ఇది బాగా నలిగిపోయింది. ఎంత దూరం వెళ్ళేవు?"

నేను పంప్ తీసి డాడీ పక్కన పెట్టేను.

"మీ అమ్మ బరువుతో ఎంత దూరం వెళ్ళేవు?"

డాడీ తొందరపడలేదు. కొత్త ట్యూబ్‌లో కొంచెం గాలి కొట్టేడు. వాల్వ్ తిన్నగా నిలబెట్టేడు. టైరు చుట్టూ మెల్లగా ఎక్కించేడు. నిండా గాలి కొట్టి, బొటనవేలితో నొక్కి చూసేడు. లీవర్లు గుడ్డతో తుడిచి నా చేతికిచ్చేడు.

"లోపలికి రా" అన్నాడు.

మే 14

రేపటి బస్సుకి వెళ్తాను.

మే 15

పెద్దనాన్న షెడ్‌కి ఫోన్ చేసేడట. అమ్మ అక్కడే ఉందని, పంపేది లేదని, గేటు దగ్గరకొస్తే లోపలికి రానివ్వరని, డాడీ ఆఫీసర్ ముందే చెప్పించేడట. నూకరాజు అంకుల్ గోడ దగ్గర మంగాయమ్మ ఆంటీతో చెప్తుంటే విన్నాను.

అమ్మ చేరిపోయింది. దాటేసింది.

ముందు చక్రంలో గాలి నిండుగా ఉంది. బండి తాళం డాడీ జేబులో.

డాడీ ఇంకా ఇంటికి రాలేదు. రేపు వెళ్తాను.

మే 17

స్వాతి వచ్చింది, నా క్లాస్‌మేట్, ఫిజిక్స్ నోట్స్ కోసం. నా మొహం చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది. "క్యా హువా తనూ?"

బాత్రూంలో జారి పడిపోయేను అన్నాను.

కుడి చెయ్యి. ఇది ఎడం చేత్తో రాస్తున్నాను.